మిగిలిపోయిన నవ్వు ఎవరిది?

పాత తెలుగు సినిమా చూసినవాళ్ళు తొందరగా వాడేసే మాట ఒకటుంది. ‘ముద్దుగా ఉంది’ అంటారు. 1930ల చివరా, 40ల మొదట్లోనూ వచ్చిన బొమ్మలు, అందులోనూ పాటలూ హాస్యమూ కలగలిసినవి చూస్తున్నప్పుడు ఈ మాట దానంతటదే నోటికొస్తుంది. కెమెరా పెద్దగా కదలదు. నటులు రంగస్థలం మీద ఉన్నట్టే మనవైపు తిరిగి నిలబడి పాడతారు. పాట అయిపోయాక, ‘వన్స్‌మోర్’ అంటారేమోనన్నట్టు ఒక్క క్షణం ఆగుతారు కూడా. హాస్యగాడు తన మాటకి తనే ముందుగా కళ్ళెగరేస్తాడు. మనం నవ్వుతాం. ఎంత అమాయకంగా ఉందో అనుకుంటాం.

ఈ మాట దగ్గరే నాకు పేచీ. మనం ముద్దు అన్న మాట ఎవరికి వాడతాం? పసిపిల్లలకి, బోసినోటి ముసలమ్మలకి, కుక్కపిల్లలకి. అంటే తిరిగి మనల్ని ఏమీ చెయ్యలేని వాళ్ళకి. ఆడవాళ్ళకీ వాడతారు. ఎప్పుడు వాడతారో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కరలేదు. కోపంతో మాట్లాడుతున్న మనిషిని చూసి ‘కోపంలో ముద్దొస్తున్నావు’ అన్నారంటే, ఆ కోపంలో ఉన్న విషయాన్ని పక్కన పెట్టేశారన్నమాట. మరి ఒక సినిమాని చూసి ముద్దుగా ఉందన్నప్పుడు దాన్నేం చేస్తున్నాం? అది ఒకప్పుడు ఎవరి మీదో విసిరిన రాయి అయివుండొచ్చు. ఎవరినో గాయపరిచి కూడా ఉండొచ్చు. ఇప్పుడు ఆ రాయి నునుపుదేరింది కాబట్టి చేతిలోకి తీసుకుని ఆడుకుంటున్నామా?

దీనికి తోడు ఇంకో మాట వచ్చి చేరుతుంది: ‘అరుదైన’. అరుదైన చిత్రం, అరుదైన పాట, అరుదైన ఫొటో. ముద్దూ అరుదూ కలిస్తే ఇక విమర్శకి చోటుండదు. మిగిలిందే గుప్పెడు, దాన్ని కూడా తప్పుపడతావా అంటారు. ఈ ప్రశ్న నన్ను చాలామంది చాలా రకాలుగా అడిగారు. నా పరిశోధన తెలుగు స్త్రీల హాస్యం మీద. అందుకోసం ఈ సినిమాల దగ్గరికి వెళ్ళాను గానీ సినిమా చరిత్రకారిణిని కాను. ఒక వస్తువు అరుదుగా మిగిలినందువల్ల దాని పట్ల మన నైతిక బాధ్యత పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదే నాకు కావలసిన ప్రశ్న.

ముందు ఎంత పోయిందో చూద్దాం. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం, లీలావతిగా సురభి కమలాబాయి. ఆ సినిమా కాపీ లేదు. కాపీయే కాదు, దాని పుట్టినరోజు కూడా మనం చాలాకాలం వేరే తేదీన చేసుకున్నాం. 1931 సెప్టెంబరు 15 అని పుస్తకాలన్నీ రాస్తూ వస్తే, రెంటాల జయదేవ పాత పత్రికలూ రికార్డులూ గాలించి, అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని నిరూపించారు. దానికి అక్కలాంటి ‘ఆలం ఆరా’ కూడా లేదు. పూనాలో ఫిల్మ్ ఆర్కైవ్‌ని కట్టి నిలబెట్టిన పి.కె. నాయర్ దాని కోసం ఆర్దేషిర్ ఇరానీ ఇంటికి వెళ్తే, చివరికి మిగిలిన రీళ్ళలోంచి వెండి తీసేసి పారేశానని ఆయన కొడుకు చెప్పాడట. ఆ రోజుల ఫిల్ములో వెండి ఉండేది, ఫిల్ము తయారైన నైట్రేటుకి నిప్పంటుకుంటే ఆగేది కాదు. కొన్ని కరిగి వెండయ్యాయి, కొన్ని మండి బూడిదయ్యాయి. ఆ వెండి తర్వాత ఏ ఆడపిల్ల కాలిపట్టీలయిందో అని నాకొక పిచ్చి ఊహ వస్తూంటుంది. మన దేశంలో మూకీలు 1,300 పైచిలుకు తీస్తే, పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి మూడు పదులకి దగ్గర. పూనా ఆర్కైవ్ పెట్టిందే 1964లో. అక్కడ కూడా 2003లో అగ్నిప్రమాదం జరిగి నైట్రేటు రీళ్ళు తగలబడ్డాయి.

ఇదే కాలంలో ఇంకో చిన్న భాష వాళ్ళు ఏం చేశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చెక్ భాష మాట్లాడేవాళ్ళు కోటిమంది. మనం 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల పైన. వాళ్ళు కూడా 1930లలో పాటలతో, అల్లరితో బోలెడు హాస్యచిత్రాలు తీశారు. వోస్కొవెట్స్, వెరిఖ్ అనే ఇద్దరు రంగస్థల విదూషకులు, వాళ్ళ పాటలకి బాణీలు కట్టిన యెజెక్ అనే, చూపు సరిగా ఆనని సంగీతకారుడూ కలిసి నడిపిన నాటకశాల లోంచి 1931లో ఒక సినిమా పుట్టింది. దాని పేరుకి అర్థం ‘పౌడరూ, పెట్రోలూ’. తర్వాత తర్వాత వాళ్ళ హాస్యం హిట్లర్ మీదికి తిరిగింది. 1938లో నాటకశాల మూతబడింది. మరుసటి ఏడాది మొదట్లోనే ముగ్గురూ అమెరికా పారిపోవలసి వచ్చింది. నాజీల ఆక్రమణలో ఉండగానే 1943లో ప్రాగ్‌లో ఫిల్మ్ ఆర్కైవ్ మొదలైంది. వాళ్ళ టాకీలలో ఎక్కువ భాగం ఇవాళ్టికీ భద్రంగా ఉంది. వాళ్ళూ ఆ సినిమాలని ముద్దుగానే చూస్తారు, కానీ ఆ ముద్దు వెనక ఎవరు ఊరొదిలారో, యుద్ధం ముగిశాక ఏ హాస్యనటి జర్మన్లతో కలిసి తిరిగిందని జైల్లో పడిందో కూడా వాళ్ళ దగ్గర రాసి ఉంది. సినిమా ఉంటే దాన్ని ప్రశ్నించే వీలూ ఉంటుంది.

ఆ భాష నటి ఒకామె గురించి ఇక్కడ చెప్పాలి. ఆనీ ఓండ్రా. మూకీల కాలపు హాస్యనాయిక. 1929లో హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’లో నాయిక వేసింది. మధ్యలో అది టాకీగా మారింది. ఆమె ఇంగ్లీషులో చెక్ యాస ఉందని, ఆమె పెదవులు కదుపుతుంటే కెమెరాకి అవతల నిలబడి జోన్ బ్యారీ అనే ఇంకో నటి మాటలు చెప్పింది. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. మన తొలి టాకీ నటీమణులకి పాట వచ్చి తీరాలి. నేపథ్యగానం స్థిరపడేదాకా ఎవరి పాట వాళ్ళే పాడుకున్నారు. సినిమాలు పోయాయి, కొన్నిటి పాటలు మాత్రం గ్రామఫోను రికార్డుల మీద మిగిలాయి. సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు కొన్ని మిగిలాయి. అంటే మనకి మిగిలింది మొహంలేని గొంతులు.

కళావంతుల కుటుంబాల నుంచీ, సురభి వంటి నాటక సమాజాల నుంచీ వచ్చిన గొంతులు వాటిలో చాలా ఉన్నాయి. ‘గౌరవం’ ఉన్న ఇళ్ళలోని ఆడపిల్లలని సినిమాకి పంపడానికి ఒప్పుకోని రోజుల్లో సినిమాని నిలబెట్టింది ఈ స్త్రీలే. తర్వాత ‘కుటుంబ స్త్రీలు’ వచ్చి పరిశ్రమకి మర్యాద తెచ్చారని కథ చెప్పుకున్నాం. ఆ మర్యాద కథలో వీళ్ళ హాస్యం పూర్తిగా మాయమైంది. వీళ్ళు పాడారని రాస్తారు, ఏడ్చారని రాస్తారు. నవ్వించారని ఎవరూ రాయరు. కన్యాశుల్కం మధురవాణి నవ్వు పుట్టిన ఉత్తరాంధ్రలో కూర్చుని ఈ మాట రాస్తుంటే నాకు కొంచెం ఎక్కువే కోపంగా ఉంది.

హాస్యచిత్రాల పేర్లే చూడండి. 1940లోనే ‘బోండాం పెళ్ళి’ అని ఒకటి, ‘చదువుకున్న భార్య’ అని ఇంకొకటి. ఆడది చదువుకోవడమే హాస్యానికి సరిపడా సరుకయిన రోజులవి. అదే ఏడు మొక్కపాటి వారి నవల ‘బారిస్టర్ పార్వతీశం’ కూడా లంకా సత్యం పార్వతీశంగా, జి. వరలక్ష్మితో తెరకెక్కింది. మొగల్తూరు నుంచి సీమకెళ్ళిన పార్వతీశం అమాయకత్వానికి నవ్వుతాం, ఆ నవ్వులో వాడి మీద ప్రేమ ఉంటుంది. చదువుకున్న భార్య మీద నవ్వులో ఆ ప్రేమ ఉండేదా? పేరు చూస్తేనే నాకు అనుమానం. వీరేశలింగం ప్రహసనాల నుంచీ మన హాస్యానికి ఒక అలవాటుంది. మగవాడి మూర్ఖత్వం వ్యక్తిగతం, ఆడదాని మూర్ఖత్వం జాతి లక్షణం.

అరుదు అన్నది తప్పులని కడిగేస్తుందా అన్న ప్రశ్న స్త్రీవాదులమైన మనకి కొత్తదేమీ కాదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ విషయంలో దాన్ని ఎదుర్కొన్నాం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తి రూపంలో అచ్చువేయించడం, అది అశ్లీలమని ప్రభుత్వం నిషేధించడం, ప్రకాశం ప్రభుత్వ కాలంలో నిషేధం తొలగడం మనందరికీ తెలిసిన కథే. సూసీ తారు, కె. లలితల సంకలనం తర్వాత ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. దొరికిన సంతోషంలో మొదట మనం దాన్ని గుండెలకి హత్తుకున్నాం. తప్పు లేదు. కానీ కొన్నాళ్ళకి ఇళ గురించి అడగవలసి వచ్చింది. తను పెంచిన పిల్లని తన ప్రియుడికే కట్టబెట్టి, తర్వాత విరహపడే రాధ కథ అది. రాధ కోరిక గురించి అంత ధైర్యంగా రాసిన కావ్యంలో ఆ చిన్నపిల్లకి ఏం కావాలో ఎవరు అడిగారు? ఈ ప్రశ్న అడిగినందువల్ల ముద్దుపళని తరిగిపోలేదు. ఆవిడని కవిగా తీసుకున్నామనడానికి అదే గుర్తు. పూజించేవాటిని ప్రశ్నలడగం, చదివేవాటిని అడుగుతాం.

వాల్టర్ బెన్యామిన్ 1930లలోనే, అచ్చూ ఫొటో సినిమా వచ్చాక కళాఖండానికి ఉన్న ప్రభ పోతుందన్నాడు. అన్ని కాపీలూ ఒకటే అయినప్పుడు అసలు ఏది? నిజమే. కానీ కాపీలన్నీ పోయి ఒక్కటే మిగిలితే ఏమవుతుందో ఆయన చూడలేదు. ఆ ఒక్క కాపీ విగ్రహమైపోతుంది. దాని మీది గీతలు కూడా పవిత్రమైపోతాయి. మనవాళ్ళు వాటిని చూసి వాన పడుతోందనేవారు, ఇప్పుడు ఆ వాన కూడా అందమే.

అందం అరుదు వల్లే వస్తుందా అంటే అదీ కాదు. ‘మిస్సమ్మ’ 1955లో వచ్చింది. టీవీలో అది రాని నెల ఉండదు. ఎంత చూసినా బాగానే ఉంటుంది. పైగా దొరుకుతుంది కాబట్టి దానితో పోట్లాడగలం. ఉద్యోగం కోసం పరాయివాడికి భార్యగా నటిస్తూ, బొట్టు పెట్టుకోవడానికి కూడా ఒప్పుకోని ఆ మేరీని చివరికి తప్పిపోయిన మహాలక్ష్మిని చేసి ఇంట్లో ఎలా కలిపేసుకున్నారో ఎంతమంది రాయలేదు? రాస్తూనే చూస్తాం. చూస్తూనే నవ్వుతాం. అలా పోట్లాడుతూ ప్రేమించే వీలు 1930ల సినిమాలకి ఎందుకు ఇవ్వం?

ఇప్పుడు ‘వరవిక్రయం’ దగ్గరికి వస్తాను. 1939. కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ తీసింది, దర్శకుడు సి. పుల్లయ్య. కాళ్ళకూరి నారాయణరావు నాటకం అప్పటికే ఊరూరా ఆడుతోంది. ఈ సినిమా అదృష్టవశాత్తూ మిగిలింది, ఇప్పుడు ఫోన్లో చూడొచ్చు. కథ అందరికీ తెలిసిందే అయినా రెండు ముక్కల్లో చెప్పాలి. పురుషోత్తమరావుకి ఇద్దరు కూతుళ్ళు, కాళింది, కమల. సింగరాజు లింగరాజు అనే మహా లోభి తన కొడుకు బసవరాజుకి 5,500 రూపాయలు కట్నం అడుగుతాడు. తండ్రి ఆస్తి అమ్మి కట్నం ఇస్తాడు. తనకోసం ఇల్లు గుల్లవుతోందని కాళింది నూతిలో దూకి చచ్చిపోతుంది. డబ్బు తిరిగివ్వడానికి లింగరాజు ఒప్పుకోడు. చెల్లెలు కమల అతన్నే చేసుకుంటానంటుంది. చేసుకుని అత్తవారింటికి వెళ్ళనంటుంది. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. డబ్బిచ్చి కొనుక్కున్నాం కాబట్టి అతను మా ఇంటి సొత్తు, మా ఇంట్లోనే ఉండాలి అన్నది ఆమె వాదన.

దీన్ని హాస్యచిత్రం అనొచ్చా? ప్రేక్షకులు అలాగే చూశారు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి వేసిన లింగరాజుని, పెళ్ళిళ్ళ పేరయ్యని ఊళ్ళన్నీ దశాబ్దాల తరబడి చెప్పుకున్నాయి. సంఘసంస్కరణ కోసం రాసిన రచనలో జనానికి మొట్టమొదట నచ్చినవాడు దుర్మార్గుడు. రంగస్థలం మీద లోభి ఎప్పుడూ బాగుంటాడు. ప్రతి పైసాకీ మెలికలు తిరుగుతాడు, ఆ మెలికలకి నవ్వొస్తుంది. ఆ పైసాల మొత్తం ఒక పిల్ల ప్రాణమని ఆ క్షణంలో గుర్తుండదు. నవ్వు రావాలంటే గుండె కాసేపు మొద్దుబారాలని బెర్గ్‌సన్ 1900లో ‘నవ్వు’ మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. జాలిపడుతున్న మనిషి నవ్వలేడు. అయితే కాళింది నుయ్యి ఆ కథలో ఎక్కడుంది? సరిగ్గా మధ్యలో. ముందు లింగరాజుతో నవ్విస్తారు, తర్వాత పిల్లని చంపుతారు, తర్వాత కమలతో మళ్ళీ నవ్విస్తారు. రెండో నవ్వుకి మూలధనం ఆ చావే. కాళింది చావకపోతే కమలకి ఆ మాట అనే హక్కు రాదు. పితృస్వామ్యాన్ని ఎదిరించి ఒక ఆడపిల్ల నోరు విప్పి హాస్యమాడాలంటే ముందు ఇంకో ఆడపిల్ల శవం లేవాలా? నాటకకర్త ఉద్దేశం మంచిదే. నా ప్రశ్న ఆ ఉద్దేశానికి కాదు, కథ కట్టిన తీరుకి.

ఆ ఇద్దరు పిల్లలూ ఎవరు? కాళింది భానుమతి, మొదటి సినిమా. కమల పుష్పవల్లి. ఇద్దరికీ అప్పటికి పదమూడు, పద్నాలుగేళ్ళు. పెళ్ళి, కట్నం, చావు, కోర్టు అన్నీ పిల్లలు నటించారు. తండ్రి కన్నుసన్నల్లో, కథానాయకుడు ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదన్న షరతు మీద తెరకొచ్చిన భానుమతి నూతిలో పడి చచ్చిపోయే పాత్రతో మొదలైంది. ఆ పిల్లే తర్వాత 1953లో ‘చండీరాణి’కి మూడు భాషల్లో దర్శకత్వం వహించింది. ‘అత్తగారి కథలు’ రాసింది. ఆ అత్తగారి మీద నవ్వులో గుండె మొద్దుబారదు. అత్తగారి మడీ, ఆవకాయా, మొండితనమూ అన్నిటికీ నవ్వుతూ ఆవిడ పక్కనే కూచుంటాం. బెర్గ్‌సన్ చూడని నవ్వు అది. కాళింది బతికివుంటే భానుమతి అయ్యేదని నేనొక సెమినార్లో అంటే, పాత్రకీ నటికీ తేడా తెలీదా అని ఒకాయన నవ్వారు. తేడా తెలిసే అన్నాను.

ఈ సినిమా గురించి నాకు తెలిసిన అతి ముఖ్యమైన సంగతి పుస్తకాల్లో దొరకలేదు, మా మామ్మ దగ్గర దొరికింది. మాది నర్సీపట్నం. అప్పట్లో విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మన్యానికి గుమ్మంలాంటి ఊరు. మావాళ్ళకి చరిత్ర అంటే అల్లూరి సీతారామరాజు, సినిమా అంటే పూరి జగన్నాథ్. ఈ రెంటికీ మధ్య ఆడవాళ్ళు చూసిన సినిమాల చరిత్ర అంటూ ఒకటుందని ఎవరికీ తోచదు. డేరా సినిమాలు వచ్చే రోజుల్లో, విడుదలైన చాలా ఏళ్ళకి తిరిగి తిరిగి వచ్చిన కాపీలో మామ్మ వరవిక్రయం చూసింది. తనకి పదేళ్ళుంటాయేమో. గోనెపట్టా కట్టిన అవతలివైపు ఆడవాళ్ళు. ఒకటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది.

“ఆ లింగరాజు బలే పిసినిగొట్టోడే. ఆడ్ని సూసి కడుపుబ్బ నవ్వీసినాం” అనేది. కమల కోర్టు సీను అభినయించి చూపించేది. మరి కాళింది సంగతి అడిగితే ఆవిడకి నుయ్యి గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కాదు, చూడలేదు. ఒళ్ళో ఉన్న తమ్ముడు ఏడుస్తుంటే, పక్కవాళ్ళు కసిరితే, వాణ్ణి ఎత్తుకుని డేరా బయటికి వెళ్ళింది. వాడు నిద్రపోయాక తిరిగొచ్చింది. అప్పటికి అక్క లేదు, చెల్లెలుంది.

“మరి అక్క ఏమైందనుకున్నావు మామ్మా?”

“ఏటవుద్ది? అత్తోరింటికి ఎలిపోనాదనుకున్నాను.”

ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. కథలోంచి ఒక ఆడపిల్ల మాయమైతే పదేళ్ళ పిల్లకి మొదట తోచిన కారణం అది. ఇంకే కారణమూ అవసరం కాలేదు. డెబ్భై ఏళ్ళపాటు మామ్మ దగ్గర ఉన్న వరవిక్రయంలో ఎవరూ చావలేదు. ఒక అక్క కాపురానికి వెళ్ళింది, ఒక చెల్లెలు గడుసుగా మాట్లాడింది, ఒక పిసినిగొట్టువాడు నవ్వించాడు. పూర్తి హాస్యచిత్రం. ప్రపంచంలో ఒకే ఒక్క కాపీ.

నేను ఆవిడకి ఫోన్లో మొత్తం సినిమా చూపించాను. చూపించకుండా ఉండాల్సిందని నా స్నేహితురాలు అంది. అంత వయసులో ఆ అందమైన జ్ఞాపకాన్ని పాడుచెయ్యడం దేనికి, నీ పరిశోధన కోసమే కదా అంది. ఈ వాదనకి బలం ఉంది. అయినా నేను ఒప్పుకోను. ఆ జ్ఞాపకం అందంగా ఉన్నది ఎవరో ఆవిడకి కథలో సగం చూసే వీలు లేకుండా చేసినందువల్ల. పక్కనున్న అన్నయ్యలెవరూ తమ్ముణ్ణి ఎత్తుకోలేదు. మన పాత సినిమాలు నైట్రేటు మంటల్లో పోయాయని లెక్కలు రాస్తాం. పిల్లాడు ఏడ్చి, పొయ్యి మీద అన్నం ఉండి, చీకటి పడకముందే ఇంటికి చేరాల్సి వచ్చి ఆడవాళ్ళకి అందకుండా పోయిన రీళ్ళ లెక్క ఏ ఆర్కైవ్‌లో రాస్తారు? ఆ నష్టానికి ‘అమాయకత్వం’ అని పేరుపెట్టి కాపాడటం నాకు చేతకాదు.

నుయ్యి దృశ్యం వచ్చినప్పుడు మామ్మ ఏమీ అనలేదు. సినిమా ఆపమంది. కాసేపయ్యాక అంది, “అయితే నాను నవ్వింది ఆ పిల్ల సచ్చిపోనాకా?” తర్వాత ఇంకో మాట అంది. “ఆడు ఏడవకపోతే నానూ ఏడిసీదాన్ని.” మర్నాడు పొద్దున తనే కోర్టు సీను పెట్టమంది. చూసి నవ్వింది. నవ్వుతూనే లింగరాజుని బూతులు తిట్టింది. అంతకుముందు ఎన్నోసార్లు ఆ కథ చెప్పింది గానీ వాణ్ణి తిట్టడం నేనెప్పుడూ వినలేదు. కాబట్టి జాలితో కలిసి నవ్వు బతకదన్న మాట నేను నమ్మను. మారింది నవ్వు గురి. అంతకుముందు లింగరాజుతో కలిసి నవ్వింది, ఇప్పుడు వాడి మీద నవ్వింది. కోర్టులో ఆ చిన్నపిల్ల వేసే జోకు 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కూడా ఎవరికీ వివరించి చెప్పక్కర్లేని జోకుగానే ఉంది. పాతబడితే బాగుండేది. ఫుట్‌నోట్ వేస్తే తప్ప అర్థంకాని జోకు అయివుంటే, అప్పుడు నేనూ దాన్ని ముద్దుగా ఉందనేదాన్ని.

భద్రపరచడం అన్న పనిలో కూడా ఆడా మగా తేడా ఉంది. గ్రామఫోను రికార్డులూ, పాటల పుస్తకాలూ, పోస్టర్లూ పోగుచేసి మనకి అందించిన సేకర్తలకి రుణపడి ఉన్నాం. నేను ఎరిగినంతలో వాళ్ళలో దాదాపు అందరూ మగవాళ్ళు. సేకరించడానికి డబ్బు కావాలి, అంతకంటే ముందు అలమార కావాలి, పండక్కి ఇల్లు దులిపినప్పుడు ఎవరూ ముట్టుకోని గది కావాలి. పెళ్ళయి ఇల్లు మారిన ఆడమనిషి పాటల పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో చీరల కింద ఎన్నాళ్ళు దాచగలదు? ఆమె దాచుకున్నది గొంతులో. రోటి దగ్గర, ఉయ్యాల దగ్గర, పువ్వులు కడుతూ. అందులో చరణాలు తారుమారవుతాయి, రాగం జారుతుంది, సేకర్తలు పెదవి విరుస్తారు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినవాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటని చరిత్రగా వినడం మనకి నేర్పారు. పోరాటం గురించి విన్నంత శ్రద్ధగా ఆడవాళ్ళ వినోదం గురించి మనం వినలేదు. ఏడ్చిన ఆడదానికి చరిత్రలో చోటు సంపాదించగలిగాం. నవ్వుకున్న ఆడదాన్ని చరిత్రలో ఎక్కడ పెట్టాలో మనకే ఇంకా తెలిసినట్టు లేదు.

మామ్మ తర్వాత నేను మా వీధిలోనూ పక్క వీధిలోనూ ఎనభై దాటిన వాళ్ళని సినిమా పాటలు అడగడం మొదలుపెట్టాను. కొన్ని గుర్తుపట్టాను. కొన్నిటికి పాటల పుస్తకం దొరికింది, సినిమా దొరకలేదు. ఒకావిడ ఒక పాట పాడింది. సంతకెళ్ళి కూరలు తేవడం రాక బిక్కమొహం వేసుకుని తిరిగొచ్చిన మొగుణ్ణి పెళ్ళాం ఆటపట్టించే పాట. మహా కొంటెగా ఉంది. ఆవిడ పళ్ళులేని నోటితో పాడుతుంటే కోడళ్ళు చీరచెంగులు నోట్లో కుక్కుకున్నారు. ఏ సినిమాలోదని అడిగితే ‘ఏదో సినిమాదే’ అంది. నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను, తెలిసినవాళ్ళని అడిగాను. ఎక్కడా లేదు. పోయిన సినిమా ఏదో అయివుండొచ్చు. నాటకాల కంపెనీ పాట అయివుండొచ్చు. లేదా పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద పాడుకునే పాట ఏ సినిమా బాణీలోకో దూరివుండొచ్చు. మూడోసారి వెళ్ళినప్పుడు, పోనీ మీరే కట్టారా అమ్మమ్మగారూ అని అడిగాను. ఆవిడ అటూ ఇటూ చూసింది. వీధి అరుగు మీద కొడుకు పేపరు చదువుకుంటున్నాడు.

“సినిమాదేనని రాసీసుకో తల్లీ. నాదంటే ఈలూరుకోరు.”